ఆ ‘మేము’లో నేను

‘మేము’ అంది. మైకు సర్దుకుని, గొంతు సవరించుకుని, హాల్లో ఉన్న అందరినీ నవ్వుతూ ఒకసారి కలయజూసి, మొట్టమొదటి వాక్యంలోనే ‘మేము ఈ పని మొదలుపెట్టినప్పుడు’ అంది మా వదిన, వేదిక మీద, బూడిదరంగు కోటులో, ఆ కోటుకి పొద్దున నేను గుచ్చిన పేరు బిల్లతో. నా చెవికి ఏదో తేడా కొట్టింది. ఏమిటో వెంటనే తెలియలేదు. తర్వాతి వాక్యంలో మళ్ళీ ‘మేము’ అంది, అప్పుడు తెలిసింది. ఆ నోట ఇన్నేళ్ళుగా నేను విన్నది ‘మనం’. మనం ఇంకోసారి పెడదాం వదినా, మన పేగులు ఎలా ఉన్నాయి, మన ప్లేటు ఎవరు కదిపారు, మనకి ఆకలేస్తోంది, చివరికి తనకి తలనొప్పి వచ్చినా మనకి తలనొప్పిగా ఉంది అనేది. సర్లే, ఇది సభ, ఎదుటివాళ్ళకి చెప్పేటప్పుడు మేము అనే అనాలి, మనం అంటే విని చప్పట్లు కొట్టేవాళ్ళంతా కూడా పనిచేసినట్టే అవుతుంది, ఆవిడ మాటలో తప్పేం లేదు, తప్పులు పట్టడం నీకు అలవాటు, నోరు మూసుకుని విను అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ నేను కూర్చున్నది వినేవాళ్ళలో. ఆవిడ మేము అన్నప్పుడు నేను ఆవిడ వెనక నిలబడి ఉన్నట్టా, ఎదురుగా కూర్చుని ఉన్నట్టా? రోజూలాగా ఇంగ్లీషులో చెప్పి ఉంటే నాకీ బాధ లేకపోయేది. అందులో రెండిటికీ కలిపి ఒకటే మాట, లోపల ఎవరున్నారో ఎవరు లేరో ఎవడికీ తెలియదు, హాయి. తెలుగులో అలా కుదరదు. నోరు తెరిస్తే చాలు గీత పడిపోతుంది, ఇటు ఎవరో అటు ఎవరో తేలిపోతుంది.

ఇవాళ తెలుగులో ఎందుకంటే, ముందు వరసలో కూర్చున్నది జబ్బు పిల్లల అమ్మానాన్నలు. ఏడాదికోసారి వాళ్ళని పిలిచి, వాళ్ళ పిల్లల పేగుల్లోంచి తీసిన గింజంత ముక్కలతో ఇక్కడ ఏం చేస్తున్నామో వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలని పెద్దాయన పెట్టిన నియమం. పెద్దాయన అంటే ఈ పరిశోధనా సంస్థకి పెద్ద. వాళ్ళ వెనక వరసలో కమిటీ, బయటినుంచి వచ్చినవాళ్ళు, ఒళ్ళో ఫైళ్ళతో, ముఖాల్లో ఏమీ కనిపించనివ్వకుండా. పిల్లల పేగుల జబ్బుల మీద కొత్తగా ఒక బృందం పెడుతున్నారు, దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో, అందులో ఎవరుండాలో ఈ ప్రసంగం విని, బయటికెళ్ళి టీ తాగి తేలుస్తారు. నా సంగతి ఇంకా సూటిగా చెప్పాలంటే, నా ఒప్పందం ఈ ఎండాకాలంతో అయిపోతుంది. ఈ పనిలో నా పేరు ఉంటే నేనుంటాను, లేకపోతే ఇల్లు ఖాళీ చేసి, తాళంచెవి ఆఫీసులో పడేసి, గేటు దాటి పోవాలి. ఆ ముక్కలనుంచి నేను పెంచే చిన్న పేగులు మాత్రం ఇక్కడే ఉంటాయి, అదే ఇన్‌క్యుబేటర్లో, అదే అరలో. వాటికేం, మేపే చెయ్యి మారితే వాటికి తెలుస్తుందా? తెలుస్తుందనే అనుకుంటాను నేను, అదో పిచ్చి. పక్కన మా ఆయన కూర్చున్నాడు. ఇక్కడ చెడిపోయిన మైక్రోస్కోపులన్నీ బాగుచేసేది ఈయనే, అందరూ మైక్రోస్కోపుల డాక్టరు అంటారు. నా మోకాలు ఊగిపోతూ ఉంటే చేత్తో నొక్కిపెట్టాడు. ‘మేము అంటోంది, విన్నావా?’ అన్నాను గుసగుసగా. ‘సభలో అలాగే అంటార్లే’ అన్నాడు. పోనీలే, అలాగేలే, పర్వాలేదులే తప్ప ఈయన నోట ఇంకో మాట పుట్టదు. ఎంత మరక పడ్డ అద్దమైనా మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుందనుకునే మనిషి.

అసలు ఆవిడ నాకు వదిన ఎలా అయిందో తల్చుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తుంది, ఇప్పుడు నవ్వు రాకూడదు, అయినా వస్తుంది. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరం ఒకే రోజు ఇక్కడ దిగాం, ఒకే వ్యాను, ఒకే రంగు పెట్టెలు. నా పెట్టె ఆవిడ లాగుతోంది, ‘అది నాదమ్మా తల్లీ’ అని నేను లాగుతున్నాను, ‘మీదైతే తాళంచెవి తీసి చూపించండి’ అని ఆవిడ. ఈ గోలంతా చూసి ఇళ్ళు కేటాయించే గుమస్తా తాపీగా, ‘వదినా మరదళ్ళకి పక్కపక్క ఇళ్ళు ఇమ్మంటారా, దూరంగా ఇమ్మంటారా?’ అన్నాడు. ఇద్దరం ఒక్కసారే పగలబడి నవ్వాం. మరదలు అవడానికి ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఇద్దరం వదినలమే అయ్యాం. పక్కపక్క ఇళ్ళే ఇచ్చాడు మహానుభావుడు. రెండు వంటిళ్ళకీ మధ్య ఒకటే గోడ, బొత్తిగా పల్చటిది. టీ పెడితే గరిటతో ఆ గోడ మీద టకటకా కొట్టడం, అవతలినుంచి టక్ అని వస్తే వస్తున్నానని, రాకపోతే పాపకి నీళ్ళు పోస్తోందని. ‘లోకంలో శాస్త్రజ్ఞులందరికీ ఫోన్లున్నాయి, మనకి గరిటలున్నాయి’ అనేది. మనకి అనేది. నా వైపు గోడకి సున్నం రాలి చిన్న గుంట కూడా పడింది. పోయిన వారమంతా ఆ గోడ పలకలేదు. కొట్టాను, కాసేపాగి మళ్ళీ కొట్టాను. పాపం స్లయిడ్లు చేసుకుంటోంది, సభ దగ్గర పడింది కదా అనుకుని, ఆవిడ టీ కూడా నేనే తాగేశాను.

వెనక తెర మీద మా భవనం బొమ్మ వేసింది, గాజు భవనం, లోపల గోడల్లేని పెద్ద హాలు, చీమల్లా మనుషులు. ‘ఇక్కడ వైద్యులూ, కెమిస్టులూ, లెక్కల మనుషులూ అందరూ ఒకే బల్ల దగ్గర పనిచేస్తారు, ఒకే చోట ఉంటారు’ అని చెప్తోంది. నిజమే. భోజనాల దగ్గర తమ వాళ్ళ పక్కన కూర్చుంటే పెద్దాయనే స్వయంగా వచ్చి లేపి ఇంకో బల్లకి పంపిస్తాడు. ఫ్రిజ్‌లో పెట్టే డబ్బాల మీద మనిషి పేరు రాయకూడదు, పని పేరు రాయాలి. మొదటి రోజు మమ్మల్నందరినీ నిలబెట్టి, ‘నాది అనే మాట గేటు దగ్గర వదిలేసి రండి’ అన్నాడు. ఎంత బాగుందో ఆ మాట! అంతకుముందు నేను పనిచేసిన చోట సూదికి కూడా ఒక యజమాని ఉండేవాడు, అడిగితే కస్సుమనేవాడు. ఇక్కడికి వచ్చాక నా చెప్పులు కనిపించకపోతే మన చెప్పులేవి అని వెతుక్కునేంతగా మారిపోయాను. మా ఆయన నవ్వేవాడు. నేను మాత్రం మనసా వాచా వదిలేశాను, ప్లేట్లు మనవి, పేగులు మనవి, బతికితే మనం బతికించాం, చస్తే మాత్రం నేను చంపాను అనేదాన్ని, ఎందుకంటే చస్తే ఆ పూట అన్నం సయించనిది నాకే. నాది అనే మాట నేను గేటు దగ్గర వదిలేశాను సరే, అక్కడ వదిలేసినవన్నీ ఏరుకుని జేబులో వేసుకునేవాళ్ళు ఉంటారని నాకు తట్టలేదు.

ఇప్పుడు పేగుల దగ్గరికి వచ్చింది. చిట్టిపేగులు అని పేరు పెట్టుకున్నాం మేమిద్దరం, వేదిక మీద మాత్రం ‘సూక్ష్మ ఆంత్ర నమూనాలు’ అంటోంది, ముందు వరసలో ఒక నాన్న ఆవులింత మింగుతున్నాడు. చెప్పడానికి ఏముంది అందులో? తిన్నది ఒంటబట్టని పిల్లలు, ఒక్కొక్కళ్ళకి ఒక్కో రకంగా చెడిన పేగు, ఏ మందు ఎవరికి పనిచేస్తుందో తెలియదు, పిల్లల మీద ప్రయోగాలు చేయలేం. అందుకని వాళ్ళ పేగులోంచి గింజంత ముక్క తీసి, కణాలు విడదీసి, జెల్ చుక్కలో పెడితే అవి గుండ్రంగా చేరి, లోపల బోలుగా, ఆవగింజంత పేగై పెరుగుతాయి. మందు ముందు వాటికి పెడతాం. వాటికి పడితే పిల్లకీ పడుతుందని ఆశ. మందు పెట్టాక ఏది ఎంత ఉబ్బింది, ఏది ఎంత ముడుచుకుంది అని కంప్యూటర్‌తో లెక్కకట్టడం వదిన పని. అందులో ఆవిడకి తిరుగులేదు, ఆ మాట ఎవరడిగినా చెప్తాను, ఇప్పుడడిగినా చెప్తాను. పెంచడం నా పని. పెరిగి చస్తేనా! చుక్క వేయగానే కణాలన్నీ బరువుకి అడుక్కి దిగిపోయి, ప్లేటుకి అతుక్కుని, తెల్లారేసరికి మాడిపోయినట్టు పడుండేవి. జెల్ మార్చాను, వేడి మార్చాను, చేతులు కడిగే సబ్బు కూడా మార్చాను. ఏడాది పాటు అదే తంతు. ఒక రోజు మధ్యాహ్నం అరికాలి మంట నెత్తికెక్కి, అప్పుడే చుక్కలు వేసిన ప్లేటుని ‘చావండి’ అని బోర్లించి, ఇన్‌క్యుబేటర్లోకి తోసేసి, తలుపు ధడాలున వేసి ఇంటికి పోయాను. మర్నాడు పారేద్దామని తీసి, ఎందుకో ఒకసారి చూశాను. కొన్ని చుక్కల్లో, అన్నిట్లో కాదు, కణాలు బతికున్నాయి, గుండ్రంగా, అడుగు అంటకుండా వేలాడుతూ. వదినని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మైక్రోస్కోపు ముందు కూలేశాను. చూసి, చూసి, తల ఎత్తకుండానే ‘నీ కోపానికి భయపడి పెరిగాయి వదినా’ అంది. అప్పుడు తనకి నెలలు నిండుతున్నాయి, పొట్ట పట్టుకుని నవ్వింది, ‘నవ్వించకే, లోపల ఇది తన్నుతోంది’ అని నా చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది. నిజంగానే తన్నింది.

‘మా పాప మొదటిసారి బోర్లా పడిన రోజు’ అంటోంది వేదిక మీద.

ముందు వరస అమ్మలందరి ముఖాలూ విచ్చుకున్నాయి. ఆవులించిన నాన్న కూడా సర్దుకుని కూర్చున్నాడు. ‘దుప్పటి మీద అటు దొర్లి, ఇటు దొర్లి, కింద ఇరుక్కున్న చెయ్యి తీసుకోలేక అవస్థపడుతోంది. దాన్ని చూస్తూ ఉంటే నాకు తట్టింది, కణాలని కూడా బోర్లిస్తేనో అని.’ నాకు తట్టింది అంది. ఈసారి మేము కూడా కాదు. మా ఆయన చెయ్యి నా మోకాలి మీద బిగుసుకుంది. పేగుల్ని బోర్లించిన నాటికి ఆ పిల్ల పుట్టనేలేదు, తల్లి కడుపులో తన్నుతోంది, ఆ తన్ను నా అరచేతికి తెలుసు. ఇక బోర్లా పడటం అంటారా, అది పడింది మా ఇంట్లో, మా మంచం పక్కన. వదిన ఊళ్ళో లేదు, ఏదో సమావేశానికి వెళ్ళింది. వాళ్ళాయన ఓడ మీద ఇంజనీరు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే. పిల్ల నా దగ్గర. ఫోన్ చేసి చెప్తే, ‘అయ్యో నేను చూడలేదే, నేను చూడలేదే వదినా’ అని చిన్నపిల్లలా ఏడ్చింది. ‘ఇంకోసారి పడుతుందిలే, రేపటినుంచి దానికి అదే పని’ అని ఓదార్చి, కాలు ఎలా వేసిందో, చెయ్యి ఎలా ఇరుక్కుందో, ఇరుక్కుని ఎలా కేకలు పెట్టిందో పూసగుచ్చినట్టు చెప్పాను. అవే ఇప్పుడు చెప్తోంది. ఎంత బాగా చెప్తోందో, తను చూసినట్టే, చేతులు తిప్పుతూ. బహుశా ఇన్నేళ్ళలో చూసినట్టే అనిపించి ఉంటుంది. మా ఇల్లు లేదు అందులో, నేను లేను, చివరికి నా కోపం కూడా లేదు. విసుగొచ్చి ప్లేటు బోర్లించి తలుపు ధడాలున వేసిన ఆడమనిషి సభకి బాగోదు, బోర్లా పడ్డ పాపాయి బాగుంటుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. నాకే చెప్పి ఉంటే, వదినా కథ కొంచెం మారుస్తాను అని ఒక్క మాట అడిగి ఉంటే, మార్చుకో అనేదాన్ని, దరిద్రపుదాన్ని.

వేదిక ఎక్కమని నన్ను అడగలేదనను, అడిగింది. నలుగురిలో నిలబడితే నాకు నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది, ఒకసారి ఇదే హాల్లో మైకు ముందు నిలబడి గ్లాసులో నీళ్ళ వంక చూస్తూ ఉండిపోయాను. ‘నీకెందుకు వదినా ఆ తంటా, మనిద్దరి తరఫునా నేను చెప్తాలే’ అంది. నెత్తిమీది బరువు దిగినట్టయింది నాకు. మనిద్దరి తరఫునా. ఆ మాట నమ్మి, తనకి ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ తీసిచ్చాను, ఎర్రరంగు వేసినవి, పచ్చరంగు వేసినవి, అన్నిట్లోకీ అందమైనవి ఏరి ఏరి ఇచ్చాను. పొద్దున వచ్చింది. ముందు గుమ్మం దగ్గర బెల్లు కొట్టింది. వంటింటి వైపు తలుపు తీసే ఉంది, ఆ తలుపు తప్ప ఆవిడకి ఇంకో తలుపు తెలియదు, ‘ఏమిటే కొత్త చుట్టంలా!’ అన్నాను. పేరు బిల్ల తిన్నగా నిలబడటం లేదు, గుచ్చమంది. గుచ్చుతుంటే తల అటు తిప్పుకుంది. పిన్ను గుచ్చుకుంటుందని భయపడుతోంది కాబోలు అనుకున్నాను. ‘భయంగా ఉందా?’ అంటే ‘ఆఁ’ అంది. ‘ఏం భయం, నేను మూడో వరస చివర్లోనే ఉంటాగా, నా ముఖం చూసి చెప్పు’ అన్నాను. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నా ముఖం చూడలేదు. హాలంతా చూస్తోంది, ఎడమ పక్క, కుడి పక్క, ముందు వరస, ఆఖరికి వెనక తలుపు దగ్గర నిలబడ్డ లైట్ల మనిషిని కూడా చూసింది. నేనున్న చోట మాత్రం ఆ చూపు ఆగకుండా దాటిపోతోంది. పేరు బిల్ల మాత్రం తిన్నగా ఉంది, బాగా గుచ్చాను.

అయినా ఆశ చావదు. ఆఖరి స్లయిడ్ ఒకటి ఉంటుంది కదా, ప్రతి ప్రసంగంలోనూ ఉంటుంది, పనిచేసినవాళ్ళని చూపించి ఫలానా వాళ్ళు అని చెప్పేది. అక్కడ చెప్తుంది. ముందంతా తన గొప్ప చెప్పుకున్నా అక్కడ చెప్తుంది, చెప్పి తీరాలి, వదిన అంత మనిషి కాదు. కమిటీ వాళ్ళు అది చూస్తే చాలు, నాకు పాప కథ కూడా అక్కర్లేదు, తనే ఉంచుకోనీ. మందు పడ్డ పేగులు, పడని పేగులు, గీతలు, ఎక్కే గీతలు, దిగే గీతలు అన్నీ అయిపోయాయి. ‘చివరిగా’ అంది. నేను నిటారుగా కూర్చున్నాను. సిగ్గు లేకుండా జుట్టు కూడా సర్దుకున్నాను.

తెర నిండా నేను. నైటీలో, భుజం మీద తువ్వాలుతో, జుట్టు రేగిపోయి, మా వంటింటి మెట్టు మీద పాపని చంకనేసుకుని నవ్వుతున్నాను. పాప చేతిలో గరిట. ఆ ఫొటో తీసింది వదినే, ‘కదలకు కదలకు’ అంటూ. ‘ఈ మనిషి లేకపోతే ఈ పని లేదు’ అంది, గొంతు నిజంగానే వణికింది. ‘మా పక్కింటి వదిన. నేను పగలూ రాత్రీ ప్రయోగశాలలో ఉంటే మా పాపని సొంత అత్తలా చూసుకుంది. థాంక్యూ వదినా.’ హాలంతా ఒక్కసారి మెత్తబడింది. చప్పట్లు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. అందరూ మెడలు తిప్పి నా కోసం వెతికి, దొరికాక నవ్వారు, పక్కింటావిడని చూసి నవ్వే నవ్వు. నా తల దానంతటదే ఊగింది. నా పెదాలు వాటంతటవే నవ్వాయి. ఛీ, ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకు తెలియదు, తల కొట్టేసినట్టయి కూడా నవ్వాను. తెలిసినవాళ్ళు లేరా హాల్లో? ఉన్నారు. గోడల్లేని ప్రయోగశాలలో నా చేతుల్ని అందరూ చూశారు, నా పక్క బల్ల కెమిస్టు చూశాడు, ఆ చివర లెక్కలాయన చూశాడు. ఇద్దరూ తెర వైపే చూస్తూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా కొట్టాడు, అందరికంటే కాస్త ఎక్కువసేపు. తిట్టి ఉంటే లేచి దెబ్బలాడేదాన్ని, అసలు నా ఊసే ఎత్తకపోయినా దెబ్బలాడేదాన్ని. ఇంత ప్రేమగా నెత్తిన పెట్టుకుని, అందరి ముందూ వంటింటి మెట్టు మీద దింపేసి పోతే ఏమని దెబ్బలాడను? ‘లేచి వెళ్ళిపోదామా?’ అన్నాడు మా ఆయన. ఈయన నోట పోనీలే రాకపోవడం అదే మొదలు. ఆయన ముఖం చూస్తే ఏడుపొచ్చింది. ‘కూర్చో’ అన్నాను.

ప్రశ్నలు అడగొచ్చన్నారు. కమిటీలో గడ్డం డాక్టరు చెయ్యెత్తాడు. పిల్లల ఆస్పత్రినుంచి మాకు ముక్కలు పంపేది ఆయనే. ‘బాగుందమ్మా. నాదొక చిన్న సందేహం. బోర్లిస్తే కణాలు ఆ పక్కకి దిగిపోతాయి కదా? మేమూ బోర్లించి చూశాం, చచ్చాయి. మీ బొమ్మల్లో సరిగ్గా నడిమధ్యన ఉన్నాయి. ఎలా నిలబెట్టారు?’ వదిన నవ్వింది. ‘అంటే, జెల్ చల్లదనం కొంచెం చూసుకోవాలి, ఇంకా ఉష్ణోగ్రత...’ అని నీళ్ళు నమిలింది. ఆవిడకి తెలియదు. నేనేం దాచలేదు, చూపిస్తాను రావే అన్నప్పుడల్లా ‘అది నీ చేతిలో ఉందిలే, నాకెందుకు’ అనేది, అదొక ముద్దు మాట మా మధ్య. గడ్డం డాక్టరు ఊరుకోలేదు, ‘ఉష్ణోగ్రత మేమూ చూసుకున్నామమ్మా’ అన్నాడు. ముందు వరసలో ఒకావిడ, ఒళ్ళో సంచి గట్టిగా పట్టుకున్నావిడ, డాక్టరు వంకా వదిన వంకా మార్చి మార్చి చూస్తోంది. ఏ ముక్క ఎవరి పిల్లదో మాకు చెప్పరు. కానీ ఏదో ఒక ప్లేట్లో ఈవిడ పిల్లది ఉంది. అప్పుడు, ఇంతసేపటికి, వదిన చూపు నా మీద ఆగింది. ప్రయోగశాలలో కంప్యూటర్ మీంచి తలెత్తి ఎలా చూసేదో అచ్చం అలాగే చూసి, అదే గొంతుతో, అంత మామూలుగా అడిగింది.

‘మనం ఏం చేస్తాం వదినా?’

మైకులోనే అంది. హాలంతా వినబడింది. మనం. పేరు చెప్పుకోవడానికి మేము, పని తెలియకపోతే మనం. అన్నాక తెలిసొచ్చింది ఆవిడకి, మైకుకి చెయ్యి అడ్డం పెట్టింది, పెట్టి ఏం లాభం. తలలన్నీ మళ్ళీ నా వైపు తిరిగాయి, ఈసారి నవ్వుల్లేవు. ఎవరో మైకు చేతులు మార్చి మార్చి నా దాకా తెచ్చారు. నాకేం తెలుసు, నేను పాపని చూసుకునేదాన్ని కదా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తియ్యగా ఉందో ఆ మాట, అనేసి కూర్చుంటే చాలు, వేదిక మీద మనిషి నిలువునా కూలిపోతుంది. సంచి ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూస్తోంది. నేనేమంటానా అని కాదు, పేగులేమవుతాయా అని. లేచి నిలబడ్డాను. నాలుక అతుక్కోలేదు.

‘నేను తిప్పుతానండీ’ అన్నాను. ‘బోర్లించి వదిలేస్తే ఆ పక్కకి దిగుతాయి, మీరన్నది నిజం. అందుకని వదలను. చుక్క వేసినప్పటినుంచీ జెల్ గట్టిపడేదాకా ప్లేటుని అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాను, ఏ పక్కకీ దిగే తీరిక ఇవ్వను. చుక్క అంచున తడి మెరుపు ఉంటుంది, దాన్నే చూస్తూ ఉంటాను. అది మాసిపోయిందంటే పట్టు వచ్చినట్టు, అప్పుడు ఆపుతాను. తొందరపడి ముందే ఆపితే చస్తాయి. నావి కూడా చాలా చచ్చాయి. కావాలంటే మీ ఆస్పత్రికి వచ్చి చూపిస్తాను.’ తిప్పుతాను, వదలను, చూస్తాను, నావి. ఇక్కడికి వచ్చాక ఇన్ని నేనులు ఒక్కసారి నా నోట ఎప్పుడూ రాలేదు. గేటు దగ్గర వదిలేసిన మాట ఎప్పుడు వెళ్ళి తెచ్చుకున్నానో నాకే తెలియదు. సంచి ఆవిడకి ఏం అర్థమైందో గానీ తలూపింది. గడ్డం డాక్టరు గబగబా రాసుకుంటున్నాడు. వదిన మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ఇప్పుడు చెప్తుంది. ఇప్పుడైనా.

‘థాంక్యూ అండీ. ఇంకెవరైనా?’

అండీ. పెట్టె లాక్కున్న రోజు తర్వాత ఆవిడ నన్ను మీరు అనలేదు, అండీ అనలేదు. నాకు వెంటనే కోపం కూడా రాలేదు, గోడకి పడ్డ గుంట గుర్తొచ్చింది, దానికి సున్నం వేయించాలి అనిపించింది. గడ్డం డాక్టరు మాత్రం ఇంకెవరికీ అవకాశం ఇవ్వలేదు. రాసుకోవడం ఆపి, కళ్ళజోడు పైకి తోసుకుని నా వైపు తిరిగాడు. ‘అమ్మా, ఒక్క నిమిషం. మీరు ఈవిడ బృందంలో పనిచేస్తున్నారా?’ కమిటీ అంతా నా వైపు తిరిగింది. పెద్దాయన కాళ్ళు సర్దుకుని కూర్చున్నాడు. నేను జవాబు చెప్పకుండా వదిన వైపు చూశాను. అవునండీ, చేసిందంతా మా వదినే అనక్కర్లేదు, ఆవిడ ఉత్తినే అవునండీ అంటే చాలు. అని ఉంటే నేను అన్నీ మింగేసి, సాయంత్రం గోడ మీద గరిటతో కొట్టి ఉండేదాన్ని, అంత వెర్రిదాన్ని నేను, అప్పటికి కూడా. ఆవిడ వెనక తెర మీద ఇంకా నేనే ఉన్నాను, నైటీలో, చంకలో పాపతో. ఆవిడ చేతిలో ఉన్న రిమోట్ వంక చూసుకుంటూ ఏదో మీట నొక్కింది. బొమ్మ పోయి తెర తెల్లగా అయింది. తల ఎత్తలేదు.

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

‘లేదండీ’ అన్నాను. ‘ఇప్పుడే చెప్పారు కదా. నేను పక్కింటావిణ్ణి.’